కెమెరా ముందుకు రాని చుట్టం

జూన్ 3

అన్నయ్యకు,

నువ్వు బస్సెక్కావో లేదో, నర్సు వచ్చి "మీ అన్నగారు వెళ్ళారు కదా, ఇక పని మొదలుపెడదాం" అంది. కోపం తెచ్చుకోకు. వాళ్ళు నా ముఖం మీద మిణుకు మిణుకుమనే దీపం పెట్టిన ప్రతిసారీ నువ్వు లేచి స్విచ్ ఆపేస్తుంటే ఎవరికైనా ఓపిక నశిస్తుంది. ఈ వార్డులోంచి రోగిని కాకుండా రోగి అన్నగారిని డిశ్చార్జి చేయడం ఇదే మొదటిసారట. ఫోన్లు యంత్రానికి పడవని తీసేసుకున్నారు. కాబట్టి మనకిక ఉత్తరాలే గతి.

నా తలంతా తీగలు. జిగురుతో అతికించి పైన తెల్లగుడ్డ చుట్టారు. దురద పెడితే గోక్కోవడానికి కూడా లేదు. ఆ తీగలు ఒక యంత్రంలోకి వెళ్తాయి. మెదడులో జరిగేదంతా అది గీతలుగా గీస్తుంది. గోడ మీద కెమెరా ఒకటి కళ్ళార్పకుండా నన్నే చూస్తూ ఉంటుంది. మా ఇంట్లో మూర్ఛ అనే మాట ఎవరూ నోటితో అనరండీ, 'చుట్టం వచ్చింది' అంటాం అని చెబితే డాక్టరుగారు నవ్వారు. "అయితే మీ చుట్టం ఒక్కసారి కెమెరా ముందుకు వస్తే చాలమ్మా. ఏ తలుపులోంచి వస్తోందో చూసి ఆ తలుపు మూసేద్దాం" అన్నారు.

అంటే మూర్ఛ మెదడులో ఎక్కడ పుడుతోందో వాళ్ళ కళ్ళతో చూడాలి. అది ఒక్కచోటే అయితే ఆ ముక్క ఆపరేషన్ చేసి తీసేస్తారు. చూడకుండా కత్తి పట్టరు. ఇరవయ్యో తేదీ దాకా ఈ మంచం నాది. ఆలోగా చుట్టం రాకపోతే ఇంటికి పంపేస్తారు. మళ్ళీ వంతు రావాలంటే ఏడాదిన్నర. గోడౌన్ యజమాని తన గోడ నాకోసం ఏడాది మించి ఆపనన్నాడు, నీకు తెలుసు.

నాకా నాలుగంతస్తుల గోడ కావాలి అన్నయ్యా. నిచ్చెన ఎక్కి, మనిషంత అక్షరాలు రాయాలి. మన వీధిలో నేను రాసిన బోర్డులన్నీ నడుం ఎత్తులోనే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు మన వీధిలో అందరూ పొట్టివాళ్ళేమో అనుకుంటారు.

ఇంకా ఏమీ రాలేదు. నువ్వు కట్టిచ్చిన బలంపొడి రోజూ పాలల్లో కలుపుకుని తాగుతున్నాను. ఈసారి కాస్త చేదుగా ఉందేం?

నీ చెల్లెలు

*

జూన్ 6

బుల్లికి,

ఉత్తరం అందింది. చుట్టం ఇంకా రాలేదని చదివి నేనూ మీ వదినా హమ్మయ్య అనుకున్నాం. అలాగే నెట్టుకొచ్చెయ్. ఇరవయ్యో తేదీ దాకా రాకుండా కాసుకున్నావంటే ఆ డాక్టరే నీకేం జబ్బు లేదని ఒప్పుకుని పంపేస్తాడు. దీపం పెట్టినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకో. వాళ్ళు తెరవమంటే నిద్రొస్తోందని చెప్పు.

వీధిలో అందరికీ చెప్పాను. ఇస్త్రీ ఆయన "ఒక్కటి కూడా రాలేదా, శభాష్" అన్నాడు. దర్జీ అయితే పని ఆపి వచ్చి నాతో చెయ్యి కలిపాడు, నేనేదో పరీక్ష పాసైనట్టు.

ఆ తలుపు సంగతి నాకేం అర్థం కాలేదు. తాళాల పనిలో తల పండింది నాకు. తలుపు తెరిచి ఉంటే మూస్తాం, గడియ పాడైతే మారుస్తాం. అంతేగాని, దొంగని పనిగట్టుకుని లోపలికి పిలిచి, 'ఏ తలుపులోంచి వచ్చావు నాయనా' అని అడిగే పద్ధతి నేనెక్కడా చూడలేదు. అంత చదువు చదివి ఇదేం తెలివి?

బలంపొడి మానకు. అది కొత్త రకం, అలాగే ఉంటుంది. ముక్కు మూసుకుని తాగేయ్.

అన్నయ్య

*

జూన్ 9

అన్నయ్యకు,

నా మొదటి ఉత్తరం మళ్ళీ చదువు. మెల్లగా చదువు. చుట్టం రావాలి. రాకపోవడమే ఇక్కడ పరీక్ష తప్పడం.

మాత్రలు పూర్తిగా ఆపేశారు. సగం రాత్రి దాకా నిద్రపోనివ్వరు. ఎటూ వెళ్ళని సైకిలు ఒకటి ఎక్కించి తొక్కిస్తారు. గబగబా ఊపిరి తీసుకోమంటారు. అయినా ఏమీ లేదు. మన చుట్టం సంగతి నీకు తెలియనిదేముంది? సినిమా హాల్లో, బ్యాంకు క్యూలో, పళ్ళ డాక్టరు కుర్చీలో, ఎక్కడ వద్దనుకుంటే అక్కడ ప్రత్యక్షమైంది. ఇప్పుడు ఇంతమంది కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంటే ముఖం చాటేసింది.

పక్క మంచం మీద లెక్కల టీచరు ఒకావిడ ఉంది. ఆవిడకి నిన్న ఒక్కరోజే మూడు వచ్చాయి. నర్సులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ పరిగెత్తారు. డాక్టరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుని "చాలా బాగా వచ్చాయి టీచరుగారూ" అన్నారు. ఆవిడ సిగ్గుపడిపోయింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. మనిషి ఇంకో మనిషి మూర్ఛని చూసి కుళ్ళుకుంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

కొంతమందికి కోపం వస్తే వస్తుందట, మనసు కష్టపడితే వస్తుందట. నాకేమో ఊహ తెలిశాక ఎవరూ ఎదురు చెప్పింది లేదు. ఇంట్లో గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు లేరు. క్యారమ్స్‌లో ఎప్పుడూ నేనే గెలుస్తాను. ఇలా పెంచితే కోపం ఎక్కడినుంచి వస్తుంది?

అందుకని నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. వదిన చేత, వీధిలో వాళ్ళ చేత కూడా తిట్టించు. ఇది డాక్టరుగారు చెప్పింది కాదు, నా సొంత ఆలోచన. కానీ అడిగితే వద్దనలేదు.

నీ చెల్లెలు

*

జూన్ 12

బుల్లికి,

(ఒసేయ్ అని మొదలుపెడదామని రెండు కాగితాలు పాడుచేశాను. చెయ్యి రాలేదు.)

ఇక్కడ అందరం క్షేమం. నువ్వక్కడ క్షేమంగా లేవని తలుస్తాను. ఇలాగే కదా రాయమన్నావు? సరే, ఇప్పుడు అర్థమైంది. చుట్టం రావాలి. గుండె రాయి చేసుకుని మొదలుపెడుతున్నాను.

నువ్వు ఒట్టి సోమరిపోతువి. (కాదు. నువ్వు లేచాకే పాలవాడు లేస్తాడు. అయినా చదువుకుని బాధపడు.)

నువ్వు ముచ్చటపడి కొనుక్కున్న నిచ్చెన అమ్మేశాను. (అమ్మలేదు. పెరట్లోనే ఉంది, గొలుసు వేసి తాళం వేశాను.)

క్యారమ్స్‌లో నువ్వు ఎన్నడూ గెలవలేదు. మేమే ఓడిపోయాం. మేం కొట్టిన ఎర్రకాయ జేబులో పడబోతుంటే మీ వదిన బోర్డు కింద మోకాలితో పొడిచేది.

ఇవి వీధి వాళ్ళవి. దర్జీ: నువ్వు తన బోర్డు మీద వేసిన కత్తెర పీతలా ఉందట, జనం చేపల దుకాణం అనుకుంటున్నారట. ఇస్త్రీ ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆవిడ మంచిది కాదు అని రాయండి" అని చెప్పి, ఇంటికెళ్ళి మళ్ళీ తిరిగొచ్చి, "అది కొట్టేయండి" అన్నాడు. కొట్టేశాను.

మీ వదిన మాట: మన వీధి తలుపుకి నువ్వు వేసిన నీలం రంగు తనకి మొదటినుంచీ నచ్చలేదట. దీని పక్కన బ్రాకెట్ పెట్టొద్దంటోంది.

వచ్చిందా? వస్తే వెంటనే రాయి. రాకపోయినా రాయి. బలంపొడి తాగుతున్నావుగా?

అన్నయ్య

*

జూన్ 15

అన్నయ్యకు,

నీ తిట్లు వార్డంతా చదివారు. లెక్కల టీచరు కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే గీతలు ఎలా ఉంటాయో మాత్రం డాక్టరుగారికి బాగా తెలిసొచ్చింది. క్యారమ్స్ సంగతి అన్నింటికంటే పెద్ద అబద్ధం. నా గురి నాకు తెలియదా?

కానీ వదిన తలుపు మాట ముల్లులా గుచ్చుకుంది. నచ్చకపోతే వేసేటప్పుడే చెప్పొచ్చు కదా. ఆ రంగు కలపడానికి నేనెంత తంటాలు పడ్డానో తనకి తెలియదా? గోకించేయమను. ఏ రంగు కావాలంటే అది వేయించుకోమను.

ఇక్కడి సంగతులు. మెదడు ఫొటో తీశారు. కుడి చెవికి లోపలగా ఒక చిన్న మచ్చ ఉందట. పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చినప్పుడు పడి ఉండొచ్చట. అది జ్ఞాపకాలు దాచుకునే చోటు. నాలో ఆ ముక్క ఎప్పుడో పని మానేసిందని, దాని పని కూడా ఎడమవైపు ముక్కే మీద వేసుకుని చేస్తోందని డాక్టరుగారి అనుమానం. అందుకే రోజూ ఒకమ్మాయి వచ్చి నాకు కొన్ని మాటలు చదివి వినిపించి మళ్ళీ అప్పజెప్పించుకుంటుంది, ముఖాలు చూపించి గుర్తుపట్టమంటుంది. ఏళ్ళ తరబడి మూర్ఛలు వస్తుంటే మెదడు తన పనులు ఎటునుంచి ఎటు సర్దుకుంటుంది అన్నదే డాక్టరుగారి పరిశోధన. నాకు అర్థమైంది ఇది: ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడు. పని చెయ్యడు, కుర్చీ వదలడు, అప్పుడప్పుడూ లేచి అందరి బల్లలూ తిరగేస్తాడు. వాణ్ణి పంపేస్తే మిగతావాళ్ళకి హాయి.

ఒక్కటే చిక్కు. మాట్లాడే శక్తి ఏ వైపు ఉందో కూడా తేలాలి. అదీ కుడివైపే ఉంటే ఆపరేషన్ అంత తేలిక కాదు. చుట్టం ఉన్న సమయంలో ఏమైనా మాట్లాడతావా అని డాక్టరుగారు అడిగారు. నాకేం తెలుసు? నేను కళ్ళు తెరిచేసరికి నువ్వు పక్కనుండి, "ఏం లేదు, కాసేపు పడుకున్నావు" అంటావు. నేనేమైనా మాట్లాడతానా అన్నయ్యా?

దిగులుగా ఉంది. ఇరవయ్యో తేదీ మీదికొచ్చేస్తోంది.

నీ చెల్లెలు

*

జూన్ 18

బుల్లికి,

నువ్వు గోకించేయమన్నావని తలుపు గోకేశాం. ఇప్పుడు మీ వదిన ఏడుస్తోంది. ఆ నీలమంటే తనకి ప్రాణం, అది నిన్ను ఏడిపించడానికి అల్లిన మాట. అదే రాద్దామంటే, కోపం చల్లారిపోతే చుట్టం రాదేమోనని ఊరుకున్నాం. ప్రస్తుతం మన తలుపుకి ఏ రంగూ లేదు. ఇల్లు ఖాళీ అయిందనుకుని ఇద్దరు అద్దె అడగడానికి వచ్చారు.

ఆ ముక్క గురించి రాశావు. జ్ఞాపకాల చోటంటున్నావు. తీసేముందు లోపల ఏమున్నాయో ఒకసారి చూడమను. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూడా అటక మీద చెయ్యి పెట్టి చూస్తాం కదా. నేనూ మీ వదినా అందులోనే ఉంటే? పోనీ, నీ చేతి రాత అందులో ఉంటే? దర్జీ మాత్రం, ఆ పీత కత్తెర గుర్తులు అక్కడుంటే తప్పకుండా తీయించమంటున్నాడు.

నువ్వు మాట్లాడతావా అని అడిగావు. గుర్తు లేదు. ఆ హడావిడిలో ఎవరు వింటారు?

ఇదిగో, ఈసారి సరైన తిట్టు. ఆ గోడ నీవల్ల కాదు. నాలుగంతస్తులు. కింద నుంచి చూస్తేనే నాకు కళ్ళు తిరిగాయి. ఆపరేషన్ అయినా కాకపోయినా నువ్వది ఎక్కడం నేను చూడలేను. ఎక్కొద్దు.

దీని పక్కన బ్రాకెట్‌లో ఏం రాయాలో నాకే తెలియలేదు.

మొదటి డబ్బా అయిపోయి ఉంటుంది. బలంపొడి ఇంకొకటి లారీ డ్రైవరుతో పంపుతున్నాను. మానకు.

అన్నయ్య

*

జూన్ 20

అన్నయ్యా,

మొన్న నా రక్తం తీసి చూశారు. మాత్రలు ఆపి ఇన్నాళ్ళయినా మందు ఒంట్లో నిండుగా ఉంది. డాక్టరుగారు నోరెళ్ళబెట్టారు. యంత్రం తప్పేమోనని మళ్ళీ తీశారు. అదే. ముందు నర్సుల్ని అనుమానించారు. తర్వాత నా దిండు విప్పించారు. తర్వాత లెక్కల టీచరు సంచి వెతికారు. ఆవిడ చిన్నపిల్లలా ఏడ్చింది. నువ్వు పంపిన రెండో డబ్బా అప్పుడే వచ్చింది. రోజూ మాటలు అప్పజెప్పించుకునే ఆ అమ్మాయి మూత తీసి, వేలితో నాలిక మీద వేసుకుని, "ఇది బలానికి కాదండీ" అంది.

నాకు కోపం వచ్చింది. నిజం కోపం. మీరంతా కూడబలుక్కుని రాసినా రానిది ఒక్క డబ్బాతో వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. అయినా చుట్టం రాలేదు, ఎందుకంటే నీ పొడి అంత బాగా పనిచేస్తోంది.

ఒక చేత్తో రమ్మని కబురు పెట్టి, ఇంకో చేత్తో లోపల గడియ పెట్టావు.

చేసింది మా మనిషే అని తెలిసి తలెత్తుకోలేకపోయాను. డాక్టరుగారు మంచివారు కాబట్టి నెలాఖరు దాకా మంచం ఉంచారు. అంతకు మించి ఆయన చేతిలో లేదు.

మొదటి డబ్బా తెలియక కలిపావనుకుంటాను. మరి రెండోది?

*

జూన్ 23

బుల్లికి,

మొదటి డబ్బా తెలియక. రెండోది తెలిసే.

పొద్దున కూర్చుని నీకు తిట్లు రాశాను. సాయంత్రం అదే బల్ల మీద, ఇంట్లో మిగిలిన నీ మాత్రలు నూరాను. రాస్తున్నప్పుడు చుట్టం రావాలనే అనుకున్నాను, ఒట్టు. నూరుతున్నప్పుడు రాకూడదనుకున్నాను. మీ వదినకి రెండోదాని సంగతి తెలియదు. తెలిశాక నాతో మాట్లాడటం మానేసింది, తలుపుతో మాట్లాడుతోంది.

నీకు అది వచ్చినప్పుడల్లా నేను పక్కనే ఉన్నాను. సినిమా హాల్లో ఉన్నాను, బ్యాంకులో ఉన్నాను, పళ్ళ డాక్టరు దగ్గర గుమ్మంలో నుంచున్నాను. నేను లేకుండా ఒక్కటీ రాలేదు. అక్కడ వస్తే నీ తల కింద చెయ్యి ఎవరు పెడతారా అని భయం వేసింది. కెమెరా చూస్తుందే గాని చెయ్యి పెట్టదు. నాకు భయం వేసింది బుల్లీ, అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

లెక్కల టీచరుగారికి నా తరఫున క్షమాపణ చెప్పు. నర్సుకి ఈ మాట చెప్పు: ముందు పెదాలు చప్పరిస్తావు, దుప్పటి అంచో చీర అంచో వేళ్ళతో సవరిస్తావు, ఆ తర్వాత లేవబోతావు. లేవబోయినప్పుడు పట్టుకోవాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

తలుపుకి మళ్ళీ నీలం వేశాం. నీలా రాలేదు, నాచు పట్టినట్టుంది.

అన్నయ్య

*

జూన్ 28

అన్నయ్యకు,

వచ్చింది.

డాక్టరుగారు టీ తాగడానికి వెళ్ళినప్పుడు, నర్సు నా మంచం దుప్పటి మారుస్తున్నప్పుడు వచ్చింది. లెక్కల టీచరు ఇంటికి వెళ్ళడానికి సంచి సర్దుకుంటోందట. నన్ను చూసి, సంచి వదిలేసి, బటన్ నొక్కి, "వచ్చేసింది, వచ్చేసింది" అని వరండా అంతా వినబడేలా అరిచిందట. డాక్టరుగారు గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చారు, చొక్కా మీదంతా టీ. నేను కళ్ళు తెరిచేసరికి చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా పుట్టినరోజేమో అనుకున్నాను.

సాయంత్రం నాకు వీడియో చూపించారు. అన్నయ్యా, నేను తప్ప అందరూ చూసినదాన్ని మొదటిసారి నేనూ చూశాను. కుర్చీలో ఒకావిడ తలకి గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది. పెదాలు చప్పరించింది. చీర అంచు సవరించుకుంది, నువ్వు చెప్పినట్టే. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో ఎవరూ లేరు. మెల్లగా లేచింది. నర్సు వచ్చి రెండు భుజాలూ గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఆవిడ చాలా స్పష్టంగా, కాస్త విసుగ్గా, ఆ నర్సుతో అంది: "అన్నయ్యా, వదులు. నేను పడను."

నాకు చూడటం కష్టమైంది. డాక్టరుగారు మాత్రం పసివాడిలా గంతులేశారు. వెనక్కి తిప్పి తిప్పి అదే మాట విన్నారు. చుట్టం కుడివైపు మచ్చలోంచే వచ్చిందట. అది ఉండగానే నేను అంత బాగా మాట్లాడానంటే, మాట ఎడమవైపు భద్రంగా ఉన్నట్టేనట. ఆపరేషన్ చేస్తారు. తొమ్మిదో తేదీ. తర్వాత ఏడాది చుట్టం రాకపోతే నిచ్చెన ఎక్కొచ్చన్నారు. గోడౌన్ యజమానికి కబురు పెట్టు, గోడ నాకే ఉంచమను.

నీ మీద కోపం ఇంకా ఉంది. కానీ ఒక్కటి చెప్పు. నేను ఎప్పుడూ ఆ మాటే అంటానా?

నీ చెల్లెలు

*

జూలై 1

బుల్లికి,

అవును. ప్రతిసారీ ఆ మాటే అంటావు. అన్న మరుక్షణం పడతావు. అందుకే నేనెప్పుడూ వదల్లేదు. నీకు చెప్పనూ లేదు, చెబితే మామూలప్పుడు కూడా అంటావని.

గోడౌన్ యజమానితో మాట్లాడాను. గోడ నీదే. రాసిచ్చాడు. తిరిగొస్తూ ఆ గోడ కింద కాసేపు నుంచున్నాను. ఈసారి కూడా కళ్ళు తిరిగాయి, కానీ పైదాకా చూశాను.

ఎనిమిదో తేదీకి నేనూ మీ వదినా వస్తున్నాం. వార్డులోకి రానివ్వకపోతే బయట బల్ల మీద కూర్చుంటాం. తినడానికీ తాగడానికీ ఏమీ తేవడం లేదని డాక్టరుగారికి చెప్పు. కావాలంటే సంచి వెతుక్కోమను.

ఆపరేషన్ అవనీ. కట్టు విప్పనీ. నువ్వు పూర్తి మెలకువలో ఉండి, నన్ను నేనుగా గుర్తుపట్టి, నా ముఖంలోకి చూస్తూ ఆ మాట ఒక్కసారి అను. వదులుతాను.

అన్నయ్య